అద్దె ఇంటి తలనొప్పులు: నొప్పి ఎక్కడ, జబ్బు ఎక్కడ, మందు ఏమిటి

బెడ్రూం గోడ తడిస్తే ముందు పెయింటర్ గుర్తొస్తాడు. కారేది మాత్రం పక్కనున్న బాత్రూంలో. అద్దె పదో తారీకు దాటాక వస్తుంటే మనిషి మంచివాడు కాదనుకుంటాం. చూస్తే అతనికి జీతం పడేదే తొమ్మిదిన. ఒకటో రెండో ఇళ్లు అద్దెకిచ్చుకునేవాళ్లు ఖర్చుపెట్టి కూడా ఇబ్బంది పడేది ఎక్కువగా ఇక్కడే. సమస్య కనబడ్డచోట మందు రాస్తారు, అది పుట్టినచోటు అలాగే ఉండిపోతుంది. అందుకే కింద ప్రతి సమస్యకూ ముందు మూలం ఎలా పట్టుకోవాలో ఉంది, రిపేరు ఆ తర్వాత.

అద్దె చట్టాలు ఊరూరికీ మారతాయి కాబట్టి నోటీసు గడువులు, అడ్వాన్సు పరిమితుల లాంటివి మీ ప్రాంతపు వకీలును అడిగి తెలుసుకోండి. లెక్కలన్నీ 100 యూనిట్ల మీద వేశాం. మీ అంకెలు అందులో పెట్టుకోండి.

టులెట్ బోర్డు దిగడం లేదు

ఇల్లు ఖాళీగా ఉంటే అద్దె ఎక్కువైందనే అంటారు అందరూ. కొన్నిసార్లు నిజమే. కానీ ముందు దారి ఎక్కడ తెగిందో చూడాలి.

ఫోన్లే రావడం లేదంటే లోపం ప్రకటనలో గానీ అద్దెలో గానీ ఉంది. అదే వీధిలో, అదే విస్తీర్ణంలో ఈ రెండు నెలల్లో నిజంగా దిగిన ఇళ్ల అద్దె కనుక్కోండి. ఇంకా ఖాళీగా ఉన్న ఇళ్లకు చెబుతున్న రేటు కొలత కాదు, అవీ మీ ఇంటిలాగే కూర్చున్నాయి మరి. ఫోటోలు పగటి వెలుగులో, కిటికీలు తెరిచి, వంటగది, బాత్రూం కూడా కలిపి ఎనిమిది పది ఉండాలి. బాత్రూం ఫోటో లేని ప్రకటన చూస్తే అక్కడేదో దాస్తున్నారనే అనుకుంటారు.

ఫోన్లు వస్తున్నా చూడ్డానికి ఎవరూ రాకపోతే, ప్రకటనలో లేని విషయమేదో ఫోన్లో బయటపడుతోంది. మెయింటెనెన్సు వేరే అనో, పార్కింగ్ లేదనో, మూడో అంతస్తుకు మెట్లే దిక్కనో. ఇవన్నీ ప్రకటనలోనే రాసేయండి. ఫోన్లు తగ్గుతాయి, వచ్చేవి మాత్రం పనికొచ్చేవి వస్తాయి.

వచ్చి చూసి వెళ్లిపోతున్నారంటే లోపం ఇంట్లోనే. ఎక్కువగా వాసన. నెల రోజులు మూసి ఉన్న ఇంట్లో బాత్రూం ట్రాపుల్లో (నీళ్లు పోయే రంధ్రం కింద గొట్టం వంపుల్లో) నిలిచే నీళ్లు ఆవిరైపోతాయి. మురుగు గాలిని ఆపేది ఆ నీళ్లే. అవి ఎండగానే డ్రైనేజీ కంపు నేరుగా హాల్లోకి వస్తుంది. చూడ్డానికి వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చి, 'మళ్లీ ఫోన్ చేస్తాం' అని మెట్లు దిగిపోతారు. రెండు వారాలకోసారి ప్రతి ట్రాపులో, సింకులో లీటరు చొప్పున నీళ్లు పోయండి. ఎక్కువ రోజులు రాలేకపోతే నీళ్ల మీద ఒక చెంచా వంటనూనె వేస్తే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. కమోడ్‌లో కూడా ఒకసారి ఫ్లష్ కొట్టండి, దాని ట్రాపూ ఎండుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయి, అప్పుడు అద్దె సంగతి. నెలకు 100 అడుగుతున్నారు, 95కి వెంటనే దిగేవాళ్లున్నారు. ఆ 5 తగ్గిస్తే ఏడాదికి పోయేది 60, అంటే 18 రోజుల అద్దె. పట్టుబట్టి కూర్చుని 18 రోజుల కంటే ఎక్కువ ఖాళీగా పెడితే ఆ ఏడాదికి నష్టమే. అతను పెంపు లేకుండా రెండేళ్లు ఉండేలా ఉంటే సమానమయ్యేది 36 రోజుల దగ్గర. కాబట్టి తగ్గించి ఇచ్చేటప్పుడు రెండో ఏడాది పెంపు ఎంతో అగ్రిమెంటులో ముందే రాసుకోండి. తగ్గించడానికి మనసొప్పకపోతే మొదటి నెలలో సగం మినహాయింపు ఇవ్వొచ్చు. ఏడాది మీద అది 4 శాతం చిల్లరే, నెల అద్దె అంకె మాత్రం తగ్గదు. తర్వాత పెంపు లెక్క ఆ అంకె మీదే నడుస్తుంది.

అద్దె ఆలస్యంగా వస్తోంది

గొడవకు దిగే ముందు గత పన్నెండు నెలలూ డబ్బు పడిన తేదీలు ఒక కాగితం మీద వరసగా రాయండి. మూలం ఆ వరసలోనే కనబడుతుంది.

9, 10, 9, 11, 9. ఈ మనిషికి డబ్బు కొరత లేదు, తేదీ కుదరలేదంతే. అద్దె తేదీని జీతం తేదీకి రెండు రోజుల తర్వాతకు మార్చేయండి. ఒకటో తారీకు నుంచి పదకొండుకు మారిస్తే మధ్యలోని పది రోజులకు విడిగా అద్దె తీసుకోవాలి: నెల అద్దెను 30తో భాగించి పదితో హెచ్చించండి. ఈ ఒక్కసారి కట్టేదాన్ని రాతలో పెట్టకపోతే ఆ పది రోజులు మీరు వదులుకున్నట్టే.

3, 6, 11, 17, 24. ఇలా జారుతూ పోతుంటే ఆదాయం తగ్గిందని గుర్తు. ఈ రకాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే ఐదారు నెలల్లో ఒక నెల అద్దె పూర్తిగా ఎగిరిపోతుంది. కూర్చోబెట్టి అడగండి. బాకీని మూడు నాలుగు వాయిదాలుగా, తేదీలతో రాయించి సంతకం తీసుకోండి. కొంత కొంత కడుతున్నప్పుడు రసీదులో 'పాత బాకీకి జమ' అని రాయండి. ఈ నెల అద్దెకు జమ వేస్తే, పాత బాకీ మాట ఆరు నెలల తర్వాత ఇద్దరూ వేర్వేరుగా చెబుతారు.

ఎప్పుడూ సరిగ్గా కట్టే మనిషి ఒక్క నెల తప్పాడంటే ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. పలకరించండి చాలు.

ఏ రకమైనా ఒక పద్ధతి పెట్టుకోవాలి. గడువు దాటిన మర్నాడు మెసేజ్, నాలుగో రోజు ఫోన్, పదో రోజు రాతపూర్వకంగా ఉత్తరం. అందరికీ ఇదే వరస. నెలల తరబడి నోరు మెదపకుండా ఆలస్యపు అద్దె తీసుకుని, హఠాత్తుగా ఒకరోజు నోటీసు ఇస్తే, 'ఇన్నాళ్లూ ఒప్పుకున్నారుగా' అని వాదించడానికి వాళ్లకు వీలు దొరుకుతుంది.

'అడ్వాన్సులో పట్టుకోండి' అంటే ఒప్పుకోకూడదు. ఒప్పుకున్న రోజు నుంచి ఇంటికి జరిగే నష్టానికి మీ చేతిలో ఏమీ మిగలదు. అది వాళ్లకూ తెలుసు.

నెలనెలా అద్దె వస్తోంది, చేతిలో ఏమీ మిగలడం లేదు

ఇక్కడ కొంచెం నిదానంగా లెక్క చూడాలి. చిన్న పెట్టుబడిదారుల కష్టాల్లో సగం ఇల్లు కొన్న రోజే మొదలవుతాయి, బయటపడేది మాత్రం మూడో ఏడు.

ఇంటి ధర 100 అనుకోండి. రిజిస్ట్రేషన్, బ్రోకరు, చేరే ముందు రిపేర్లు కలిపి ఇంకో 8. మీ జేబులోంచి కదిలింది 108. ఏడాది అద్దె 6. 'ఆరు శాతం వస్తోంది' అంటారు. ఆ ఆరులోంచి తీసేయాల్సినవి చూడండి. ఏడాదికి ఒక నెల ఖాళీ అనుకుంటే 0.5. రిపేర్లు, రంగులకు 0.5. ఆస్తి పన్ను, బీమా, ఓనరు కట్టే మెయింటెనెన్సు 0.5. ప్రకటనలు, బ్రోకరు, చూసుకునేవాళ్ల జీతం 0.3. మిగిలేది 4.2. దాన్ని 108తో భాగిస్తే 3.9 శాతం.

ఇప్పుడు అప్పు. 70 యూనిట్లు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. ఈఎంఐ నెలకు 0.63, ఏడాదికి 7.56. ఇల్లు తెచ్చేది 4.2. అంటే ఏటా 3.36 జీతంలోంచి పెట్టాలి. అద్దెకుండేవాళ్లు ఎంత మంచివాళ్లయినా, రిపేర్లు ఎంత ఆదా చేసినా ఈ చిల్లు పూడదు. అప్పు ఎక్కువైంది, అంతే. ఈ ఇంటి అద్దె మోయగల అప్పు ఎంతో తిరగేసి చూడండి: ఇదే వడ్డీకి 100 అప్పుకు ఏడాది ఈఎంఐ 10.8 కాబట్టి, 4.2 సరిపోయేది 39 అప్పుకు. అదీ బొటాబొటిగా. ఈఎంఐ కంటే నికర అద్దె 1.25 రెట్లు ఉండాలని జాగ్రత్తపరులు చూసుకుంటారు. ఆ లెక్కన 31.

మందులు మూడు, ఏదీ తియ్యగా ఉండదు. డబ్బుంటే అసలు కొంత ముందే కట్టేయడం ఒకటి. మొదటి నెల ఈఎంఐ 0.63లో 0.525 వడ్డీకే పోతుంది కాబట్టి తొలి ఏళ్లలో కట్టే అసలుకు విలువ ఎక్కువ. ఇంటి ధర పెరుగుతుందన్న నమ్మకంతో జీతంలోంచి పెడుతూ పోవడం రెండోది. అది తప్పేమీ కాదు, కాకపోతే ఆ ఇంటిని ఆదాయం కింద లెక్కేసుకోకూడదు. అమ్మేయడం మూడోది. బ్యాంకు నాలుగోది చూపిస్తుంది, గడువు పెంచడం. 20 ఏళ్లను 30 చేస్తే ఈఎంఐ తగ్గేది పదకొండు శాతం లోపే. 100 అప్పుకు మొత్తం కట్టేది మాత్రం 216 నుంచి 290కి పోతుంది. ఊపిరాడనప్పుడు తప్ప దాని జోలికి పోకండి.

కొనకముందే ఈ పేజీ చదువుతుంటే ఇంకో పరీక్ష ఉంది. వడ్డీ 9 నుంచి 10కి పెరిగితే 20 ఏళ్ల ఈఎంఐ 7 శాతం పైచిలుకు పెరుగుతుంది. దాంతో పాటు రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉందనుకోండి. అప్పటికీ నిద్ర పడుతుందనుకుంటేనే అడ్వాన్సు ఇవ్వండి.

అద్దెల డబ్బుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవడం చిన్న పనే, చాలామంది చేయరు. ఇంటి ఖర్చులతో కలిసిపోయిన అద్దె డబ్బు ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. రంగులు ఆరేళ్లకోసారి వేయిస్తారనుకుంటే ఆ ఖర్చును 72తో భాగించి నెలనెలా ఆ ఖాతాలో పక్కన పెట్టండి. గీజరు, మోటారు, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ కూడా ఇలాగే.

గోడ చెమ్మగిల్లి రంగు పెచ్చులూడుతోంది

అద్దె ఇళ్లలో ఎక్కువ డబ్బు తగలేసే జబ్బు ఇదే, ఎందుకంటే రంగు కొట్టిన రెండు నెలలు నయమైనట్టే కనబడుతుంది. చెమ్మ నాలుగు రకాలు. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

నేల నుంచి మీటరు ఎత్తు లోపే ఉండి, పైన అలలాంటి గీత, ఆ గీత దగ్గర తెల్లటి పొడి కనిపిస్తే పునాది చెమ్మ. నేలలోని నీళ్లు ఇటుకల్లోంచి పైకి పాకుతూ ఉప్పును గీత దగ్గర వదిలేస్తాయి. బయటికెళ్లి చూడండి: గోడకు ఆనించి మట్టి పోసి మొక్కలు పెట్టి ఉండొచ్చు, లేదా బయటి నేల లోపలి ఫ్లోరు ఎత్తుకు వచ్చేసి ఉండొచ్చు. బయటి మట్టిని లోపలి నేల కంటే కనీసం 15 సెంటీమీటర్లు కిందకు దించాలి. ఆ తర్వాతే గీతకు 30 సెంటీమీటర్ల పైదాకా పాత ప్లాస్టరు కొట్టేసి, అవసరమైతే ఇటుకల్లో చెమ్మను ఆపే ద్రావణం ఎక్కించి, కొత్త ప్లాస్టరు చేయాలి. లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ పుట్టీ పూసి ఊరుకుంటే నీళ్లు ఆగవు. దారి దొరక్క ఇంకో అడుగు పైకెక్కుతాయి.

వాన పడ్డ ఒకటి రెండు రోజులకు తేలి, ఎండలకు తగ్గిపోయేది బయటి నుంచి వస్తోంది. పగులు, కిటికీ సజ్జా, పిట్టగోడ, టెర్రస్ నీళ్లు పోయే గొట్టం మూతి, ఈ వరసలో చూడండి. ఎక్కడో తెలియకపోతే ఎండాకాలంలో బయటి గోడ మీద పైపుతో నీళ్లు కొట్టి పట్టుకోవచ్చు. ఎప్పుడూ కింది నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కోచోట పది పదిహేను నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే జారిన నీళ్లు అన్ని పగుళ్లనూ తడిపేస్తాయి, ఏది కారిందో తేలదు.

కిటికీ మూలల్లో, బీరువా వెనకాల, చలి రోజుల్లో నల్లటి బూజుతో వచ్చే తడి గదిలోని ఆవిరిది. బట్టలు లోపల ఆరేయడం, వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయకపోవడం కారణాలు. నిర్ధారించుకోవాలంటే మందపాటి ప్లాస్టిక్ కవరు ముక్కను అడుగు చదరంలో కత్తిరించి, గోడను గుడ్డతో తుడిచి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు అంటించండి. రెండు రోజులు ముట్టుకోవద్దు. గది వైపు, ప్లాస్టిక్ మీద నీటి బొట్లు ఉంటే తడి గదిలోని గాలిది. కవరు తీశాక గోడ వైపు చెమర్చి, వేలికి చల్లగా తగిలితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గాలిదైతే ఎగ్జాస్ట్ ఫ్యాను, బీరువాకూ గోడకూ నాలుగు వేళ్ల సందు, అంతే మందు. అద్దెకుండేవాళ్లను తప్పుపట్టే ముందు ఆ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి.

వానా ఎండా అని లేకుండా ఏడాది పొడవునా తడిసే గోడ వెనక పైపుంది. బాత్రూం లీకు పట్టుకోవడానికి మూడు పరీక్షలున్నాయి, ఇదే వరసలో చేయాలి. టైల్స్ పగలగొట్టడం ఆఖరు మాట, కాంట్రాక్టరు మాత్రం దాంతోనే మొదలుపెడతాడు.

ముందు నీళ్లొచ్చే పైపు. ఇంట్లో అన్ని కుళాయిలూ కట్టేసి మీటరు అంకె రాసుకోండి, రెండు గంటలు ఎవరూ నీళ్లు వాడకూడదు. అంకె కదిలితే, లేక మీటరులోని చిన్న చక్రం మెల్లగా తిరుగుతుంటే, సరఫరా పైపు కారుతోంది. రెండోది పోయే పైపు. బకెట్ నీళ్లు నేల మీద పడకుండా నేరుగా ట్రాపులో పోసి, కింద చెమ్మ ముదురుతుందేమో చూడండి. మూడోది నేల. ట్రాపు మూతిని గుడ్డ చుట్టిన బిరడాతో గట్టిగా మూసి, అంగుళం ఎత్తు నీళ్లు నిలబెట్టి, నీటి అంచు దగ్గర టైలు మీద పెన్సిల్ గీత పెట్టండి. 24 గంటలకు గీత కింద ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగితే ఆవిరి. అంతకు మించి దిగి, కింది ఇంటి సీలింగ్ కూడా తడిస్తే నేలే కారుతోంది. ఈ పరీక్షకు ముందు కింది వాళ్లకు చెప్పడం మరవకండి.

నేల కారుతున్నా ఎక్కువసార్లు తప్పు టైల్స్ కింద ఉండదు. ట్రాపు అంచూ టైలూ కలిసే ఆ సన్నటి వలయంలో సిమెంటు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. సూది గుచ్చితే లోపలికి దిగిపోతుంది. దాన్నీ, టైల్స్ సందుల్నీ గీరి తీసేసి ఎపాక్సీ గ్రౌటు (సందులు పూడ్చే గట్టి ముద్ద) నింపి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడండి. అప్పటికీ దిగితేనే టైల్స్ తీయడం. తీశాక వాటర్‌ప్రూఫ్ పూత నేల మీద రెండుసార్లు వేసి, గోడలకు కనీసం 15 సెంటీమీటర్లు, షవరు దగ్గర ఇంకా పైకి ఎక్కించాలి. కొత్త టైల్స్ వేయకముందే 24 గంటల నీళ్ల పరీక్ష మళ్లీ చేయించండి. మేస్త్రీ దానికి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

లీకు ఆగాక వెంటనే రంగు వేయించకూడదు. గోడ అంగుళం మందం ఆరడానికి సుమారు నెల పడుతుంది. ఇక్కడ తొందరపడితే పెచ్చులు మళ్లీ లేస్తాయి, లీకు ఆగలేదనుకుని ప్లంబరు మీద పడతారు.

నీళ్ల బిల్లు పెరిగిపోయింది

'లోపల పదిమంది ఉంటున్నారేమో' అనే అనుమానం ముందొస్తుంది. దానికంటే ముందు ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల రంగు వేసి పావుగంట ఫ్లష్ కొట్టకుండా ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగితే ట్యాంకు అడుగున రబ్బరు బిళ్ల పాడైంది. చౌక వస్తువు, చేత్తోనే మార్చుకోవచ్చు. ఫ్లష్ లీకు చప్పుడు చేయదు కాబట్టే నెలల తరబడి నడుస్తుంది. సెకనుకో చుక్క కారే కుళాయి కూడా ఏడాదికి వేల లీటర్లు పోగొడుతుంది. వాషరు పోయిందా, వాషరు కూర్చునే గూడు అరిగిందా చూడండి. గూడు అరిగితే ఎన్ని వాషర్లు మార్చినా నెలకే మళ్లీ కారుతుంది, కుళాయే మార్చాలి.

కరెంటు మాటిమాటికీ పోతోంది

ఏ మీట పడిందో అడగండి, కారణం సగం తెలిసిపోతుంది. ఎంసీబీ (ఒక్కో లైనుకూ విడిగా ఉండే మీట) పడితే లోడు ఎక్కువైంది లేదా షార్టయింది. 230 వోల్టుల సరఫరా మీద 2,000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపులు లాగుతుంది. దాని లైను మీదే ఇస్త్రీపెట్టె కూడా పెడితే పడక ఏం చేస్తుంది? మందు గీజరుకు వేరే లైను. చిన్న ఎంసీబీ తీసి పెద్దది పెట్టడం మాత్రం మందు కాదు, ప్రమాదం. ఎంసీబీ పడకుండా గోడలోని తీగ కాలుతుంది.

ఆర్సీసీబీ (లైన్లన్నిటికీ కలిపి పెట్టే, లీకును పట్టే మీట) పడితే కరెంటు ఎక్కడో లీకవుతోంది. ఇళ్లలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపులకే పడతాయి. ప్లగ్గులన్నీ పీకి, ఎంసీబీలన్నీ దించి, ఆర్సీసీబీ ఎక్కించి, ఒక్కొక్క ఎంసీబీనే ఎక్కిస్తూ రండి. ఏది ఎక్కించగానే పడిందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. ఎక్కువసార్లు గీజరు కాయిల్, లేదా వానకు తడిసే బయటి లైటు. ఎంసీబీలన్నీ దించినా పడుతూనే ఉంటే ఎక్కడో న్యూట్రల్ తీగ ఎర్తుకు తగులుతోంది, అది ఎలక్ట్రీషియన్ పని. 'మాటిమాటికీ పడుతోంది' అని ఆర్సీసీబీని తప్పించి నేరుగా కలిపేసే ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ గడప తొక్కనివ్వకండి.

ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు దగ్గర గొడవ

'ఈ గీతలు మేం రాకముందే ఉన్నాయి.' 'లేవు, కొత్త రంగు వేసి ఇచ్చాం.' ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. కారణం చేరిన రోజున రాసుకున్నదేమీ లేకపోవడమే.

తాళాలు చేతికిచ్చే ముందు ఇద్దరూ కలిసి గది గదికీ తిరుగుతూ కాగితం నింపండి: గోడలు, నేల, తలుపుల గొళ్లేలు, కిటికీ అద్దాలు, ఫ్యాన్లు, కుళాయిలు. ఫ్యాను పక్కన 'ఉంది' అని రాస్తే సరిపోదు, 'తిరుగుతోంది, చప్పుడు లేదు' అని రాయాలి. కరెంటు, నీళ్ల మీటర్ల అంకెలు, ఇచ్చిన తాళంచెవుల లెక్క అందులోనే. ఉన్న గీతలు, పగుళ్లు దగ్గర నుంచి ఒకటి, గది తెలిసేలా దూరం నుంచి ఒకటి ఫోటో తీసి అదే రోజు వాళ్లకు పంపండి. పంపిన తేదీయే సాక్ష్యం. కాగితం రెండు ప్రతులు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు.

వాడుకలో అరిగినది వేరు, పాడుచేసినది వేరు. కాళ్లు ఆడేచోట నేల మెరుపు తగ్గడం, ఎండకు రంగు వెలిసిపోవడం, మేకు రంధ్రాలు రెండు మూడు ఓనరు భరించాలి. విరిగిన తలుపు, పగిలిన సింకు, గోడంతా రంగు పెన్సిళ్ల గీతలైతే వాళ్లు. అయితే పాతవస్తువుకు కొత్త ధర వసూలు చేయకూడదు. రంగు ఆయుష్షు ఐదేళ్లనుకుంటే, వేసి మూడేళ్లయితే మిగిలింది ఐదింట రెండు వంతులే. రంగుల ఖర్చు 100 అయితే వాళ్ల వాటా 40. ఈ లెక్క కాగితం మీద చూపించి, రిపేరు బిల్లులు జతచేస్తే చాలా గొడవలు గుమ్మం దగ్గరే తీరిపోతాయి.

ఇల్లు ఖాళీ చేసే వారం ముందే ఒకసారి వెళ్లి, ఏమేం సరిచేయాలో చెప్పి రండి. వాళ్లు చేయించుకుంటే వాళ్లకే చవక, మీకూ నాలుగు రోజులు కలిసొస్తుంది.

ఏడాదికో కుటుంబం మారిపోతోంది

వెళ్లేవాళ్లను కారణం అడగండి, చెబుతారు. అద్దె పెంపు కంటే 'నాలుగుసార్లు చెప్పినా కుళాయి బాగుచేయలేదు' అన్న మాటే ఎక్కువ వినబడుతుంది. ఒకసారి మారితే ఖాళీ నెల, రంగులు, బ్రోకరు కలిసి దగ్గర దగ్గర రెండు నెలల అద్దె పోతుంది, అంటే ఏడాది ఆదాయంలో ఆరో వంతు. ఉన్నవాళ్లకు మార్కెట్ కంటే మూడు నాలుగు శాతం తక్కువకే ఇచ్చి ఉంచుకోవడం ఎందుకు లాభమో దీన్నిబట్టే చూసుకోండి. పెంపు గురించి గడువుకు రెండు నెలల ముందే చెప్పండి.

ఫిర్యాదులు ఒక పుస్తకంలో తేదీతో రాసుకోవాలి. ఒకే వస్తువు ఏడాదిలో మూడోసారి రిపేరుకొస్తే బాగుచేయించడం మానేసి మార్చేయండి. అర్ధరాత్రి ఫోన్లు తగ్గాలంటే చేరిన రోజే మెయిన్ వాల్వు, మెయిన్ స్విచ్చు ఎక్కడున్నాయో చేత్తో తిప్పించి చూపించండి. పైపు పగిలినప్పుడు మీరు చేరేలోపు ఇల్లంతా చెరువవకుండా ఆపేది అదే.

చేరేవాళ్ల ఎంపిక ప్రతిసారీ తప్పుతోంది

ప్రస్తుత ఓనరును అడిగి ఊరుకోవడమే సాధారణంగా జరిగే పొరపాటు. వదిలించుకోవాలనుకునే ఓనరు చెడ్డగా చెప్పడు. అంతకు ముందున్న ఇంటి ఓనరును అడగండి, అతనికి దాచడానికి ఏమీ లేదు. 'మళ్లీ వస్తే ఇల్లిస్తారా?' అన్న ఒక్క ప్రశ్న చాలు, జవాబు కంటే ముందొచ్చే మౌనం వినండి. అద్దె నెల ఆదాయంలో 30 శాతం దాటకపోవడం మంచిది. జీతం కాగితంతో పాటు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. ఏం చూస్తారో ముందే రాసుకుని వచ్చిన అందరికీ అదే కొలత వాడండి. మొహం చూసి ఇచ్చిన ఇళ్లే ఎక్కువగా చేయి కాలుస్తాయి.

గడువు దాటినా ఖాళీ చేయడం లేదు

తాళం మార్చడం, కరెంటు కట్ చేయడం, నీళ్లు ఆపడం, సామాను బయట పెట్టడం దాదాపు ఎక్కడైనా చట్టవిరుద్ధం. న్యాయం మీ వైపున్నా కేసు తిరగబడేది ఇక్కడే. అగ్రిమెంటు, అద్దె పడిన తేదీల పట్టిక, పంపిన ఉత్తరాలు ఒక ఫైలు చేసి వకీలు దగ్గరకు వెళ్లండి. నోటీసు అందినట్టు రుజువు ఉండే మార్గంలోనే పంపాలి. ఎందుకు వెళ్లలేకపోతున్నారో కూడా కనుక్కోండి: కొత్త ఇంటికి అడ్వాన్సు చేతిలో లేక ఆగినవాళ్లు చాలామంది ఉంటారు. సామాను దించి తాళం ఇచ్చిన నిమిషంలోనే అడ్వాన్సు చేతిలో పెడతామని రాసిస్తే కోర్టు మెట్లు ఎక్కకుండానే పని అయిపోవచ్చు.

తాళంచెవులు చేతికొచ్చిన రోజే మీటర్ల ఫోటోలు తీసి, ప్రధాన తలుపు తాళంలో చెవి దూరే సిలిండరు మార్పించండి. చాలా తాళాలకు మొత్తం మార్చనక్కర్లేదు, లోపలి సిలిండరు ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. ఎన్ని చెవులిచ్చారో ఎన్ని తిరిగొచ్చాయో లెక్క సరిపోయినా మార్పించండి, మధ్యలో ఎన్ని నకళ్లు తీయించారో ఆ కాగితంలో ఉండదు.